పాగా విప్పని మనిషి

మా వీధిలో నన్ను చూస్తే జనం మర్యాద చేస్తారు. టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన కాలు మీద వేసుకున్న కాలు దించేస్తాడు. ఇస్త్రీ బండి దగ్గర నా చొక్కాలు ముందుగా అయిపోతాయి. వాళ్ళు వెక్కిరింపుగా చేస్తుంటే ఎంతో హాయిగా ఉండేది. మనస్ఫూర్తిగా చేస్తున్నారు, అదే నా బాధ. అందుకని ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజుల్లో వెనక సందులోంచి, ఎవరో పారేసిన పాత పరుపులు దాటుకుంటూ మెయిన్ రోడ్డుకి చేరుతున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో చెబితే వాళ్ళకి అర్థం కాదు, చెప్పకపోతే నాకు అన్నం సయించడం లేదు.

ఈ వీధికి నేను అద్దెకొచ్చినవాణ్ణి. మాది గుంటూరు వైపు. ఆఫీసు బెంగుళూరులో కె.ఆర్.పురం దగ్గర. అక్కడ ఉద్యోగం చేస్తూ అంత దూరాన యలహంక పాత ఊళ్ళో ఇల్లేమిటని తోటివాళ్ళు తిట్టారు. గది చూడ్డానికి వచ్చిన రోజు కింది వాటాలో ఎవరో తెలుగులో కుక్కర్ని తిడుతున్నారు. అది విని మరో గది చూడకుండా ఒప్పేసుకున్నాను. మేడ మీద ఒంటి గది, పక్కన నీళ్ళ ట్యాంకు, పైన వైమానిక స్థావరం విమానాల మోత.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుని, అవి అందరికీ తెలిసేలా చెప్పడం నా పని. ఆ బుద్ధి ఆఫీసులో ఆగదు. పెళ్ళిచూపులకి వెళ్ళి వాళ్ళ గోడ గడియారం తప్పు చూపిస్తోందని చెప్పి వచ్చిన ఘనుణ్ణి. "నీకు నిజం చెప్పే జబ్బు ఉందిరా" అంటుంది మా అమ్మ. చాలా కాలం దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

కింది వాటాలో ముగ్గురు ఉంటారు. ఇంటి పెద్ద అవ్వ. వీధి మొత్తం ఆవిణ్ణి అవ్వ అనే పిలుస్తుంది, నేనూ అంతే. ఆవిడ కొడుకు, పేటలో పట్టు నూలు కొట్టు. ఆయన భార్య, అంటే అవ్వకి కోడలు, నేను అక్కా అని పిలిచేది ఆమెనే. వాళ్ళ తాతలు ఎప్పుడో రాయలసీమ నుంచి మగ్గాలతో వచ్చారు. మగ్గం ఉన్న గుంటని సిమెంటుతో పూడ్చి ఇప్పుడు అక్కడ స్కూటర్ పెడుతున్నారు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. చదవడం రాయడం మాత్రం కన్నడంలోనే. తెలుగు మాటల్ని కూడా కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు.

ఆ వీధికి ఒక నాటకం ఉంది. వాళ్ళ పెద్దలే కట్టుకున్నది. ఒక కోట కావలివాడు. రాత్రి కోటలో దొంగతనం జరుగుతుంది. చేసింది అతని సొంత తమ్ముడు. రాజు అడిగితే కావలివాడు అబద్ధం చెప్పడు. తమ్ముడికి శిక్ష పడుతుంది, అన్న ఏడుస్తూనే కాపలాకి వెళ్ళిపోతాడు. కథ అంతే. కావలివాడి తలకి ఎర్ర పట్టు పాగా కడతారు. ఆ పట్టు ఆ వీధి మగ్గం మీదే నేసిందని చెబుతారు. ఏడాదంతా ఇనప్పెట్టెలో ఉంటుంది.

నాటకం కన్నా దాని తర్వాత జరిగేదే ముఖ్యం. కథ అయిపోయాక కావలివాడు పాగాతోనే అరుగు మీద కూర్చుంటాడు. వీధిలో ఎవరైనా వచ్చి అతన్ని ఒక మాట అడగొచ్చు. పాగా తల మీద ఉన్నంతసేపూ అతను అబద్ధం ఆడకూడదు. అందరూ అడిగాక వీధి పెద్ద వచ్చి పాగా విప్పుతాడు. ఈలోగా తనంతట తాను విప్పుకున్నవాడికి మళ్ళీ జన్మలో ఆ పాగా కట్టరు. "పాగా మాట" అంటారు దాన్ని. ఎవరింటి దోసె బాగుంటుంది, ఫలానావాడి జుట్టు సొంతమేనా, ఇలాంటివే అడుగుతారు. నవ్వుకుని వెళ్ళిపోతారు.

ఆ శిక్ష పడ్డది ఒక్కడికే అని నేను రిహార్సల్స్‌కి వెళ్ళిన మొదటి ఏడాదే చెప్పారు. అవ్వ భర్త. వయసులో ఉండగా చాలా ఏళ్ళు కావలివాడి వేషం కట్టాడట. ఒక ఏడు ఎవరో ఏదో అడిగితే బెదిరిపోయి, పాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడట. అంతే, మళ్ళీ ఎక్కనివ్వలేదు. పోయేదాకా ఆయన్ని "పాగా జారినాయన" అని ఏడిపించారు. ఇప్పటికీ పిరికితనానికి ఆ వీధిలో ఆయనే కొలమానం.

వాళ్ళ కుర్రాళ్ళకి పద్యాల్లాంటి ఆ పాత మాటలు నోరు తిరగవు. నాకు గొంతుంది, తెలుగు చదవడం వచ్చు. పైగా నా గుంటూరు యాస వాళ్ళకి రాచరికంగా వినిపిస్తుందట. అలా పరాయివాణ్ణి అయినా పాగా నాకొచ్చింది. మొదటి ఏడాది దోసెల గురించి తీర్పు చెప్పి పేరు తెచ్చుకున్నాను.

ఆ తర్వాత అవ్వకి గుండెలో స్టెంట్ వేశారు. ఆవిడ ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే అత్తిబెలెలో ఉన్న చెల్లెలు పోయింది. అక్కాచెల్లెళ్ళు రోజూ కాఫీ వేళకి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. స్పీకర్ పెట్టుకుని, వీధికంతా వినబడేలా. ఇప్పుడే చెప్పొద్దని డాక్టరు అన్నాడు. కొడుకు నూలు బేరానికని చెప్పి అత్తిబెలె వెళ్ళి, దహనం చూసి, వచ్చేటప్పుడు ఆవిడ ఫోన్ తెచ్చాడు.

ఒకరోజు సాయంత్రం గదిలో పని చేసుకుంటున్నాను. ట్యాంకు వెనక నుంచి ముసలి గొంతు. "ఏమక్కా, తిన్యావా? మాత్ర ఏసుకున్యావా? నా మోకాళ్ళు నన్ను సుమ్నే కూర్చోనీవు పో." కిటికీలోంచి చూస్తే అక్క. కొంగు ఫోనుకి అడ్డం పెట్టి, గొంతు వణికిస్తూ మాట్లాడుతోంది. అన్నేళ్ళు విని విని ఆ గొంతు పట్టేసింది. కింద అవ్వ స్పీకర్లోంచి అదే గొంతు ఒక లిప్త ఆలస్యంగా వినబడుతోంది. మాట్లాడటం అయ్యాక ఆమె నన్ను చూసింది. ఫోన్ ఖాళీ బిస్కెట్ డబ్బాలో పెట్టి ట్యాంకు కింద దాచి, దగ్గరికొచ్చింది.

"అవ్వకు చెప్పకప్పా."

"చెప్పను అక్కా," అన్నాను.

అది నా మాట. పాగా లేకుండా ఇచ్చిన మాట.

అప్పట్నుంచి రోజూ వినేవాణ్ణి. మొదట్లో అరనిమిషంలో ముగిసేది. పోనుపోను అరగంట దాటేది. అవ్వే ఎక్కువ మాట్లాడేది. ఆ మాటలు నాకు సరిగా వినపడేవి కావు, అక్క "ఊ" కొట్టడం మాత్రం వినపడేది. ఒకసారి ఫోన్ పెట్టేశాక ట్యాంకుకి ఆనుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరో పోయినవాళ్ళ గొంతుతో బతుకుతుంటే ఎవరికి మాత్రం ఏడుపు రాదు అనుకున్నాను. లోపల కొంచెం అసహ్యం కూడా వేసింది. గుండె కుదుటపడి అవ్వ కూరగాయల బండి దాకా నడిచి వెళుతోంది కదా, ఇంకా ఈ మోసం ఎందుకు అనిపించింది. తప్పు కనబడితే నాకు చెయ్యి దురద పెడుతుంది.

వీధిలో అందరికీ తెలుసు, అందరూ ఊరుకున్నారు. ఊరుకోనిది అవ్వ ఆడబిడ్డ ఒక్కతే. మూడిళ్ళ అవతల ఉంటుంది. ఆమెకీ అక్కకీ మొదట్నుంచీ పడదు. "ముసిలిదాన్ని ఆడిస్తా ఉండాది సూడు, సచ్చినోళ్ళ గొంతు పెట్టి. ఏం దొబ్బాలనో" అని కొళాయి దగ్గర, గుడి మెట్ల దగ్గర చెబుతూ వచ్చింది. అవ్వ వినేలా చెప్పే రోజు దగ్గర్లోనే ఉందని అక్క దిగులు పడేది.

ఈ ఏడు నాటకం ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. రాత్రిపూట మైకుకి పర్మిషన్ తలనొప్పి అని. కమ్యూనిటీ హాలు నిండిపోయింది. నేను బాగా చేశాను. ఇది గొప్పకి చెప్పడం లేదు, నేరానికి అదే మొదలు కాబట్టి చెబుతున్నాను. తమ్ముణ్ణి పట్టిచ్చే చోట ముందు వరస ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నాకూ నిజంగా ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే అరుగు మీద కూర్చున్నాను. తల మీద పాగా బరువుగా, వెచ్చగా ఉంది. ఆ క్షణాన నేను టెస్టింగ్ ఉద్యోగిని కాను, కోట కావలివాణ్ణి.

దోసె ప్రశ్నలు అయ్యాయి. పక్కింటి కుక్క మొరగడం గురించి ఒకాయన అడిగాడు. అప్పుడు అవ్వ లేచింది. ఆడబిడ్డ పక్కనే కూర్చుని ఉన్నావిడ, ఆమె భుజం మీద చెయ్యి వేసి మరీ లేచింది. 

"నా చెల్లెలు అత్తిబెలెలో బాగుండాదా? నాతో మాట్లాడతా ఉండేది ఆ యమ్మే కదా? చెప్పప్పా, అందరూ ఇనేటట్ల చెప్పు."

నీళ్ళ డ్రమ్ము దగ్గర అక్క కాగితం గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చాలా కొంచెం. నేను చూశాను. చూడలేదని ఎవరితోనూ అనలేను.

"లేదు అవ్వా. మీ చెల్లెలు పోయారు," అన్నాను. అక్కడ ఆగినా సగం మనిషిగా మిగిలేవాణ్ణి. ఆగలేదు. గొంతు పలికింది, హాలు మూగగా వింటోంది, ఆ నిశ్శబ్దం నాకు రుచించింది. "మీతో రోజూ మాట్లాడుతున్నది ఆవిడ కాదు. ఆవిడ పేరుతో మిమ్మల్ని నమ్మిస్తున్నారు."

తలలన్నీ నీళ్ళ డ్రమ్ము వైపు తిరిగాయి. "నేను చెప్తే ఇన్యారా?" అంది ఆడబిడ్డ. అక్క గ్లాసుల్ని డ్రమ్ము మూత మీద వరసగా పేర్చింది. పేర్చి, చెప్పులు వెతుక్కుని, బయటికి వెళ్ళిపోయింది. ఆమె భర్త వెనకాలే పరిగెత్తాడు.

అవ్వ కూలిపోతుందని అందరూ కుర్చీ జరిపారు. ఆవిడ కూలిపోలేదు. నన్నే చూసింది. "సరేప్పా" అని కూర్చుంది. వీధి పెద్ద వచ్చి పాగా విప్పుతూ "పాగా మాట నిలబెట్టినావు" అని మైకులో చెప్పాడు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. మాకెవరికీ లేని ధైర్యం నువ్వు చేసినావని చేతులు పట్టుకున్నారు. ఆ రోజు నేను సిగ్గుపడలేదు. తలెత్తుకుని మేడ ఎక్కాను, అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా. అమ్మ అంతా విని, "ఆ కోడలు అన్నం తిందా?" అని అడిగింది. నాకు చిరాకేసింది.

మర్నాడు కాఫీ వేళ దాటింది. ట్యాంకు వెనక ఎవరూ రాలేదు. కింద స్పీకర్ మోగలేదు. అలవాటైన చప్పుడు లేకపోతే చెవులు ఏదో వెతుక్కుంటాయి. ఉండబట్టలేక కిందికి దిగాను. అవ్వ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోన్. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు.

నేను ఏదో మొదలుపెట్టబోయాను. ఎప్పటికైనా నిజం తెలియడం మంచిదని, అలాంటిదేదో. ఆవిడ చెయ్యి ఊపి నా నోరు మూయించింది.

"నాకు తెలీదనుకున్యావా? మా చెల్లెలు ఏ పొద్దన్నా మాత్ర ఏసుకున్యావా అని అడిగిందా నన్ను? దాని మోకాళ్ళ పురాణం దానిది. నేను చెప్పేది ఎప్పుడన్నా ఇన్నిందా? ఈ యమ్మ ఇంటాది. అడ్డం రాకుండా ఇంటాది. రెండో దినమే తెలిసిపోయె నాకు."

"మరి ఎందుకు..." అన్నాను.

"చెల్లెలి కోసం ఏడ్సినా. రాత్రిళ్ళు ఏడ్సినా. మళ్ళా సాయంత్రం అయితే ఫోన్ మోగతాది." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "అత్త కోడలి ముకాన ఏం చెప్తాదప్పా? నువ్వు లేకుంటే నేను సచ్చిపోయుందును అని చెప్తాదా? చారు బాగుండాదని చెప్పేకే నాకు నోరు రాదు. మా అత్త నాకు చెప్పలే, నేను దానికి చెప్పలే. చెల్లెలికయితే చెప్పొచ్చు కదా. మా కోడలు ఇట్లాంటిది, నా పాలిట అమ్మ అని అన్నీ చెల్లెలికి చెప్తి. అది ఊ కొడతా ఇనింది."

ట్యాంకుకి ఆనుకుని అక్క కళ్ళు తుడుచుకోవడం గుర్తొచ్చింది. ఆ ఏడుపుని నేను అర్థం చేసుకున్న తీరు కూడా గుర్తొచ్చింది. 

"మా ఆడబిడ్డ ఊరంతా కోడల్ని దొంగముండను చేస్తా ఉండె. అరుగు మీద కూర్చున్యోడు ఒక మాట 'బాగుండాది' అనేస్తే దాని నోరు మూతపడతాది అనుకున్యా. అందుకే అడిగినా, అందరూ ఇనేటట్ల చెప్పు అని."

"పాగా పెట్టుకుని అబద్ధం ఎలా చెప్పను అవ్వా?" అన్నాను. నిలబడ్డానికి నాకు మిగిలింది అదొక్కటే.

అవ్వ కోపంగా చూడలేదు. అలా చూసినా బాగుండేది. "మా ఆయన్ని గూడ ఇట్లే అడిగినారు. కొత్త కోడలు ఒకటి, పుట్టింటోళ్ళని సూడనీరని, ఇంట్లో చెప్పకుండా పొయ్యొచ్చింది. ఈయన బస్టాండులో సూసినాడు. ఆ పిల్ల మామ లేసి నిలబడి, నా కోడలు గడప దాటిందా చెప్పు అన్యాడు. అవునంటే దాన్ని ఆ పొద్దే తరిమేద్దురు. ఈయన పాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, దాటలేదు, ఇంట్లోనే ఉండె అని చెప్పినాడు. అంతే. పాగా పోయింది, మర్యాద పోయింది, సచ్చేదాకా ఏడిపించిరి. ఆ కోడలు బతికిపోయింది." ఫోన్‌ని ఒళ్ళో సర్దుకుని, "పాగా మీద అబద్ధం ఆడమని నేనూ అడగనప్పా. తీసి పక్కన పెట్టొచ్చు కదా," అంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. నిజం చెప్పాలా, అబద్ధం చెప్పాలా అని కూడా నేను కొట్టుమిట్టాడలేదు. పాగా తల మీద ఎంత బాగుందో అన్నదే నా మనసులో ఉంది. అక్కకి ఇచ్చిన మాట దాని ముందు గుర్తుకే రాలేదు. మాట తప్పినవాణ్ణి మాట నిలబెట్టానని చప్పట్లు కొట్టించుకున్నాను. నాటకంలో కావలివాడు పోగొట్టుకున్నది తన తమ్ముణ్ణి. నేను పోగొట్టింది వాళ్ళిద్దరి సాయంత్రాల్ని, నాదేమీ పోలేదు. పైగా ఇస్త్రీ ముందుగా అవుతోంది.

అక్కకి క్షమాపణ చెప్పాను. "పోనీలేప్పా" అంది, బట్టల్లోంచి తలెత్తకుండా. ఆ డబ్బా ట్యాంకు కిందే ఉంది. ఒకే ఇంట్లో వాళ్ళిద్దరూ ఇప్పుడు ఉత్త అత్తాకోడళ్ళు. "కాఫీ పెట్టినా." "ఊ." "మాత్ర అక్కడుండాది." "ఊ." అంతకు మించి ఇద్దరికీ నోరు పెగలదు. అన్నీ తెలిశాక సిగ్గు ఎక్కువవుతుందేమో. తెలియనట్టు ఉండే వీలు నేనే తీసేశాను.

కమిటీవాళ్ళు వచ్చే ఏడుకి కూడా నన్నే అడిగారు. నాకు ఆ అర్హత లేదని చెప్పాను. ఎంత వినయమప్పా అని ఇంకా మెచ్చుకుని వెళ్ళారు.

నిన్న సాయంత్రం వాకిట్లోంచి వెళుతుంటే అవ్వ పిలిచింది. అటూ ఇటూ చూసి, "చారు బాగుండాదని చెప్పు," అంది.

"అక్కకా? మీరన్నారని చెప్పనా?"

"నేనన్యానని చెప్పొద్దు."

మేడ మీద అక్క బట్టలు తీస్తోంది. ఎండ తగ్గింది. నేను మధ్యాహ్నమంతా ఆఫీసులో ఉన్నాను, క్యాంటీన్‌లో పులిహోర తిన్నాను. అక్క అప్పుడప్పుడు పంపే ఆ ఇంటి చారు నా నాలిక మీద పడి వారమైంది.

"ఈ రోజు చారు బాగుందక్కా," అన్నాను.

ఆమె చేతిలో అవ్వ చీర. సగం మడత దగ్గర ఆగింది. "నువ్వెప్పుడు తిన్యావప్పా?"

"మధ్యాహ్నం," అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మెట్ల వైపు, కింద వాకిట్లో అవ్వ కూర్చునే చోటు వైపు చూసింది. చీర మడత పూర్తి చేసి, "రేపు గూడ చేస్తానని చెప్పు," అంది.

నేను మెట్లు దిగాను.